పొదుగు గుడ్డును వెలుతురులో చూసే ఎల్‌ఇడి చేతి దీపం: నాలుగు విడతల వాడకం తరువాత

పొదగేసిన గుడ్డులో పిల్ల కడుతోందో లేదో పెంకు పగలగొట్టకుండా తెలుసుకోవాలంటే, చీకటి గదిలో బలమైన వెలుతురు మీద గుడ్డును పట్టి చూడటమే సులువైన దారి. ఒకప్పుడు కొవ్వొత్తి ముందు పట్టి చూసేవారు కనుక దీనికి క్యాండ్లింగ్ అన్న పేరు నిలిచిపోయింది. నేను చాలాకాలం సెల్‌ఫోన్ టార్చికి అట్టగొట్టం తొడిగి ఈ పని నెట్టుకొచ్చాను. ఈ మధ్య ఇందుకోసమే తయారుచేసిన ఎల్‌ఇడి చేతి దీపం ఒకటి కొని, వరుసగా నాలుగు విడతల గుడ్ల మీద వాడాను. అందులో రెండు విడతలు కోడిగుడ్లు, ఒకటి బాతుగుడ్లు, ఒకటి కౌజుపిట్ట గుడ్లు. దీపం మంచిదే. లేత పెంకు గుడ్లలో ఐదో రోజు నుంచి అది చూపించేదాన్ని నిస్సంకోచంగా నమ్మవచ్చు. అయితే దానితోపాటు పెట్టెలో వచ్చిన సూచనల కాగితాన్ని నమ్మి మొదటి విడతలో నేను చేసిన తప్పు ఇప్పటికీ బాధపెడుతోంది. ఆ తప్పు మరొకరు చేయకూడదన్నదే ఈ సమీక్ష రాయడానికి ముఖ్య కారణం.

ముందు వస్తువు సంగతి చెబుతాను. ఇది జానెడు పొడవున్న లావుపాటి పెన్నులా ఉంటుంది. ఒక చివర ఎల్‌ఇడి, దాని చుట్టూ మెత్తని నల్ల రబ్బరు గిన్నె, రెండో చివర నుంచి విద్యుత్తు కోసం ఒక తీగ ఉంటాయి. రబ్బరు గిన్నెలు రెండు కొలతల్లో ఇచ్చారు. పెద్దది కోడిగుడ్డుకూ బాతుగుడ్డుకూ సరిపోతుంది, చిన్నది కౌజుపిట్ట గుడ్డుకు పనికివస్తుంది. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు వెలుతురు ఎంత ఎక్కువగా ఉందా అని చూశాను కానీ, నాలుగు విడతల తరువాత చెబుతున్నాను, ఈ వస్తువు విలువంతా ఆ రబ్బరు గిన్నెలోనే ఉంది. గుడ్డు మొద్దు కొనను దానిమీద ఆనిస్తే రబ్బరు పెంకు వంపుకు తగినట్టు ఒదిగి, చుట్టూ సందు లేకుండా మూసేస్తుంది. పుట్టిన వెలుతురంతా గుడ్డులోకే పోతుంది, మన కళ్ళలోకి చుక్క కూడా చిందదు. సెల్‌ఫోన్ టార్చి వెలుతురు తక్కువేమీ కాదు. అట్టగొట్టం అంచుకూ గుడ్డుకూ మధ్య మిగిలిన సన్నని సందులోంచి తెల్లని గీతలా వెలుగు బయటికి కొట్టి కళ్ళు చెదరగొట్టేది. చీకటికి అలవాటుపడిన కన్ను ఒక్కసారి చెదిరితే మళ్ళీ కుదుటపడటానికి చాలా నిమిషాలు పడుతుంది, ఈలోపు గుడ్డు చల్లబడుతూ ఉంటుంది. కాబట్టి ఇలాంటి దీపం కొనేవారు వెలుతురు ఎంత అన్న అంకె కంటే ముందుగా ఆ గిన్నె రబ్బరు ఎంత మెత్తగా ఉంది, గుడ్డును ఎంత బిగువుగా పట్టుకుంటోంది అన్నది చూసుకోవాలి.

ఈ దీపంతో ఐదో రోజు కోడిగుడ్డును మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఆనందాన్ని దాచుకోలేను. గదిలో తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నాక గుడ్డును దీపం మీద ఆనించాను. గుడ్డంతా పండిన నారింజలా వెలిగింది. పైన మొద్దు కొనలో గాలి గది లేత పసుపు టోపీలా, దాని అంచు గీత గీసినంత స్పష్టంగా కనిపించింది. గుడ్డును వేళ్ళ మధ్య నెమ్మదిగా తిప్పగా ఒక పక్క గాలి గదికి కాస్త దిగువన ఆవగింజ పాటి ముదురు చుక్క, దాని నుంచి నలువైపులా సన్నని ఎర్రని దారాలు కనిపించాయి. సాలెపురుగు తన గూడు నడుమ కూర్చున్నట్టు ఉంటుందని అందరూ చెప్పేది ఇదే. ఆ ముదురు చుక్క పిండం కన్ను. కంటిలో రంగు నాలుగో రోజుకు చేరుతుంది, ఆ తరువాత పిండం మొత్తంలో మొదట కంటబడేది అదే. దారాల్లా కనిపించినవి పచ్చసొన మీద పరుచుకున్న రక్తనాళాలు. పిండానికి కావలసిన ఆహారం ఆ నాళాల ద్వారానే చేరుతుంది. కాసేపు చేయి కదపకుండా పట్టుకుంటే నడుమ భాగం సన్నగా అదురుతున్నట్టు తెలిసింది. అట్టగొట్టంతో చూసిన రోజుల్లో ఐదో రోజు నాకు ఎర్రని మసక తప్ప ఇంత వివరం ఎన్నడూ కనిపించలేదు.

ఇక ఆ కాగితం సంగతి. అందులో, గుడ్డులో జీవం ఉందో లేదో రెండో రోజుకే ఈ దీపం చెప్పేస్తుందని, పొదగేయడానికి ముందు కూడా మంచి గుడ్డును ఏరుకోవచ్చని రాసి ఉంది. రెండో మాట పూర్తిగా అబద్ధం. పొదగేయని గుడ్డులో జీవబిందువు పచ్చసొన మీద కొన్ని మిల్లీమీటర్ల తెల్లని చుక్క మాత్రమే. అది పిల్ల కట్టగలిగినదైనా కాకపోయినా పెంకు బయటి నుంచి ఏ వెలుతురుకూ అందదు. మొదటి మాటలో సగం నిజముంది కాబట్టి అది మరింత ప్రమాదకరం. కోడి పిండానికి రెండో రోజు గడిచేలోపే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. మూడో రోజుకు రక్తనాళాల చట్రం చిన్న నాణెం అంత ఉంటుంది. పలుచని తెల్ల పెంకు, బాగా చీకటి గది, అనుభవమున్న కన్ను మూడూ కుదిరితే దాన్ని మూడో రోజు చూడవచ్చు. గోధుమ రంగు పెంకులో మాత్రం అదే చట్రం పచ్చసొన నీడలో కలిసిపోతుంది.

నా మొదటి విడత గోధుమ రంగు గుడ్లే, మొత్తం 24. కాగితం రెండో రోజు అన్నది కదా, నేను జాగ్రత్తగా మూడో రోజు చూస్తున్నాను కదా అని ధైర్యపడ్డాను. ఏడు గుడ్లలో ఏమీ కనిపించలేదు. అవి ఉత్త గుడ్లని తీర్మానించి ఇంక్యుబేటర్ నుంచి తీసేశాను. తీసినవాటిని పారవేసే ముందు పగలగొట్టి చూడటం నాకు అలవాటు కనుక, ఒక్కొక్కటే తెల్లని పళ్ళెంలో వంచాను. మొదటి నాలుగు నిజంగానే ఉత్తవి. ఐదోదాని పచ్చసొన మీద నెత్తురు సన్నని గుండ్రని అల్లికలా ఉంది, దాని నడుమ గుండుసూది తలంత ఎర్రని బిందువు ఆగి ఆగి కొట్టుకుంటోంది. కొద్దిసేపటికి నెమ్మదించింది, తరువాత నిలిచిపోయింది. ఆరోదీ ఏడోదీ కూడా అంతే. ఇంకా రెండు రోజులు ఓపిక పట్టి ఉంటే ఆ మూడు గుడ్లూ సాలెగూడు చూపించి ఉండేవి. పళ్ళెం ముందు అలా నిలబడిపోయిన ఆ సాయంత్రం తరువాత, మొదటి చూపులో ఏమీ కనిపించలేదన్న కారణంతో ఏ గుడ్డునూ నేను తీసివేయలేదు. ఆ కాగితంలో ఉన్నది తప్పని తయారీదారుకు రాశాను. కృతజ్ఞతలు చెబుతూ ఒక జవాబు వచ్చింది, కానీ తరువాత కొన్న మరో దీపం పెట్టెలో కూడా అదే కాగితం ఉంది. మంచి పనిముట్టు చేసినవారు దాని హద్దులు కూడా నిజాయితీగా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. తీసివేయాలా వద్దా అన్నది ఒక ప్రాణం విషయంలో తీసుకునే నిర్ణయం కనుక, ఇక్కడ అతిశయోక్తిని మామూలు ప్రచారపు మాటగా తీసిపారేయలేము.

రోజుల లెక్క గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఎందరో పొరపడేది ఇక్కడే. గుడ్లను ఇంక్యుబేటర్‌లో పెట్టిన రోజు సున్నా, 24 గంటలు నిండితేనే ఒకటో రోజు. సోమవారం సాయంత్రం పెట్టిన గుడ్లకు శనివారం సాయంత్రానికి ఐదు రోజులు నిండుతాయి. పెట్టిన రోజునే ఒకటిగా లెక్కించేవారు ఐదో రోజు అనుకుంటూ నాలుగో రోజు చూస్తారు. పిండం ఈ దశలో గంటగంటకూ మారుతుంది కాబట్టి ఒక్క రోజు తేడా దీపం మీద ఎంతో కనిపిస్తుంది. కోడిగుడ్డుకు 21 రోజులు, కౌజుపిట్టకు 17 నుంచి 18, మామూలు బాతుకు 28 రోజులు పడుతుంది కనుక, బాతుగుడ్డును కోడిగుడ్డు కంటే ఒకటి రెండు రోజులు ఆలస్యంగా చూడటమే మేలు. నా బాతుగుడ్లు ఐదో రోజు సందేహంగా ఉన్నవి ఏడో రోజుకు చక్కగా తేలాయి. బాతు పెంకు మైనం పూసినట్టు నునుపుగా, లేత రంగులో ఉండటం వల్ల ఈ దీపం మీద అన్నిటికంటే అందంగా కనిపించింది ఆ విడతే.

చూసే పద్ధతిలో ఈ దీపం కలిగించిన ఒక మంచి మార్పు చెబుతాను. పచ్చసొన తెల్లసొన కంటే తేలిక, అందులో జీవబిందువున్న వైపు ఇంకా తేలిక. అందుకే పిండం ఎప్పుడూ పైకి తేలి పెంకుకు దగ్గరగా వస్తుంది. గుడ్డును మొద్దు కొన పైకి ఉండేలా నిలబెట్టి పొదిగిస్తే పిండం గాలి గది దిగువనే దొరుకుతుంది. అడ్డంగా పడుకోబెట్టి పొదిగిస్తే పై పక్కన ఉంటుంది, దాన్ని వెతకడానికి గుడ్డును తిప్పాలి. ఈ దీపం తల చిన్నది కావడం వల్ల, గుడ్డును కదపకుండా దీపాన్నే గుడ్డు చుట్టూ తిప్పవచ్చు. గూట్లో నిలబెట్టిన గుడ్లను బయటికి తీయకుండా, ఇంక్యుబేటర్ మూత ఎత్తి పైనుంచే ఒక్కొక్కదానిమీద దీపం ఆనించుకుంటూ పోయి 24 గుడ్లు పది నిమిషాల లోపు చూడగలిగాను. సందేహమున్నవాటినే చేతిలోకి తీసుకున్నాను. చేయి జారి గుడ్డు పగలడం, మొద్దు కొన కిందికి వచ్చేలా తిరిగి పెట్టేయడం వంటి పొరపాట్లు ఈ ఒక్క మార్పుతో చాలావరకు తగ్గాయి.

గుడ్లు చల్లబడతాయన్న భయం గురించి చాలామంది అడుగుతారు. పెట్ట కూడా మేతకూ నీటికీ గూటి నుంచి లేచి కాసేపు తిరిగి వస్తుంది. ఆ మాత్రం చల్లదనాన్ని పిండం తట్టుకుంటుంది కనుక పది నిమిషాల పరీక్ష వల్ల ముప్పు లేదు. ముప్పంతా ఎక్కువ వేడి వల్లనే. గాలి తిరిగే ఇంక్యుబేటర్‌లో ఉండవలసిన వేడి 37.5 డిగ్రీల సెల్సియస్. దానికి ఒకటి రెండు డిగ్రీలు పైకి పోయి అలాగే నిలిచితే పిండానికి హాని. పాతకాలపు తీగ బల్బు తనకు అందిన శక్తిలో చాలావరకు వేడిగానే వదులుతుంది కాబట్టి, దానిమీద గుడ్డును ఎక్కువసేపు ఉంచడం భయపడవలసిన పనే. ఎల్‌ఇడి వెలుతురు అలా కాల్చదు. అయినా ఈ దీపాన్ని ఆపకుండా పావుగంట వెలిగించి ఉంచి తల మీద వేలు పెడితే వెచ్చగా తగిలింది. ఒక్కో గుడ్డు మీద ఐదారు క్షణాలకు మించి నిలపకుండా, మధ్య మధ్య ఆపుతూ వాడితే ఈ చింత ఉండదు. మీట నొక్కడానికి కాస్త గట్టిగా ఉండటం వల్ల అలా ఆపి వెలిగించడం విసుగు పుట్టిస్తుంది. రెండో విడత నుంచి నేను తీగ మధ్యలో వేరే మీట ఒకటి కలుపుకొని వాడుతున్నాను.

పెంకు రంగు దగ్గర ఈ దీపం హద్దులు తెలుస్తాయి. తెల్లనివీ లేత గోధుమవీ నిక్కచ్చిగా చూపిస్తుంది. మామూలు గోధుమవి ఐదో రోజు చాలావరకు, ఏడో రోజు నిస్సందేహంగా తేలుతాయి. ఇటుక రంగుకు దగ్గరగా ఉండే ముదురు గోధుమ గుడ్లలో ఏడో రోజు కూడా నాకు కనిపించింది ఒక పక్క నలుపు, ఒక పక్క వెలుతురు మాత్రమే. గోధుమ రంగు పెంకు పై పొరల్లోనే ఎక్కువగా చేరి ఉంటుంది, అది నీలి వెలుతురును ఎక్కువగా మింగి ఎరుపు వైపు వెలుతురును కొంత వదిలిపెడుతుంది. ఈ దీపంలో ఉన్నది నీలం పాలు ఎక్కువైన చల్లని తెలుపు. కాస్త పసుపు వైపు ఉండే తెలుపు ఎల్‌ఇడి పెట్టి ఉంటే ముదురు గుడ్లకు మరింత మేలు జరిగేదని నా నమ్మకం. నీలం, ఆకుపచ్చ పెంకుల్లో రంగు పెంకు లోపలి దాకా పాకి ఉంటుంది. అలాంటి గుడ్లు నా దగ్గర రెండే ఉన్నాయి, వాటిని పదో రోజు వరకు తేల్చలేకపోయాను. కౌజుపిట్ట గుడ్ల మీది నల్ల మచ్చలు మరో చిక్కు. మచ్చను పిండమనీ, పిండాన్ని మచ్చ అనీ పొరపడటం సులువు. అక్కడ చిన్న రబ్బరు గిన్నె తొడిగి గుడ్డును మెల్లగా తిప్పి చూస్తే, మచ్చ పెంకుతోపాటు కదులుతుంది, లోపలి నీడ కాస్త వెనుకబడి కదులుతుంది. ఈ తేడా పట్టుబడేసరికి నాకు సగం విడత గడిచింది. ఆ గుడ్లు చిన్నవి కావడం వల్ల ఏడో రోజు నాటికి లోపల నిండిన నలుపు చూసి తేల్చుకోవడమే తేలిక.

అసలు ఈ పరీక్ష పిల్ల ఉన్నదీ లేనిదీ చెప్పడంతో ఆగిపోదు, ఈ దీపం నాకు నేర్పిన పెద్ద పాఠం అది. ఏడో రోజు వెలుతురులో మూడు రకాల గుడ్లు కనిపిస్తాయి. నాళాల అల్లికతో కళగా ఉన్నవి ఒక రకం. పచ్చసొన మసక నీడ తప్ప ఏమీ లేకుండా తేటగా వెలిగేవి రెండో రకం. మూడో రకంలో నాళాలు ఉండవు, పచ్చసొన చుట్టూ ఎర్రని ఉంగరం ఒక్కటి తెగిన దారంలా కనిపిస్తుంది. ఆ నెత్తుటి వలయం ఉందంటే ఆ గుడ్డులో పిల్ల కట్టడం మొదలై తొలిరోజుల్లోనే ఆగిపోయిందని అర్థం. పిండం చనిపోయాక నాళాల్లోని నెత్తురు వెనక్కి జారి చట్రం అంచున చేరి గీతలా నిలుస్తుంది. ఈ వలయం నాలుగో రోజు నుంచే కనిపించవచ్చు, కానీ మొదట్లో దాన్ని బతికున్న నాళంగా పొరపడే అవకాశం ఉంది. అందుకే నేను దాని మీద పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టి రెండు రోజుల తరువాత మళ్ళీ చూస్తాను. బతికున్న గుడ్డు ఆ రెండు రోజుల్లో స్పష్టంగా ముదురుతుంది, చనిపోయినది ఉన్నచోటే ఉంటుంది లేదా వలయం మరింత కరుకుగా తేలుతుంది.

తేట గుడ్లు ఎక్కువైతే తప్పు ఇంక్యుబేటర్‌ది అనుకోవడం నా పాత అలవాటు. దీపం మీద తేటగా కనిపించిన వాటిని పగలగొట్టి పచ్చసొన మీది తెల్లచుక్కను చూడటం మొదలుపెట్టాక సంగతి అర్థమైంది. చుక్క చిన్నదిగా, గట్టిగా, అంచులు చెదిరినట్టు ఉంటే అసలు ఫలదీకరణే జరగలేదు. అది పుంజు విషయం. పెట్టలకు తగినన్ని పుంజులు లేకపోవడం, పుంజు ముసలిదో జబ్బుదో కావడం, పుంజును వదిలిన వెంటనే గుడ్లు ఏరడం వంటివి అందుకు కారణాలు. ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు ఉంటే సాధారణంగా సరిపోతుంది. చుక్క వెడల్పుగా, మెత్తని తెల్ల ముద్దలా విస్తరించి ఉండి నెత్తురు జాడ లేకపోతే, పిల్ల కట్టడం మొదలై ఒకటి రెండు రోజుల్లోనే ఆగిపోయింది. అది గుడ్డు నిల్వకు సంబంధించినది. వారం దాటి నిల్వ ఉంచిన గుడ్లు, వేడిగా ఉన్నచోట పెట్టినవి, దూరం నుంచి కుదుపుల మీద వచ్చినవి ఇలా అవుతాయి. నెత్తుటి వలయాలు ఒకే విడతలో ఎక్కువగా వస్తే మాత్రం ముందుగా ఉష్ణమాపకాన్ని అనుమానించాలి. తరువాత గుడ్లు తిప్పడంలో లోపాన్ని, ఆ తరువాత మురికి చేతులనూ మురికి పెంకులనూ అనుమానించాలి. వెలుతురు మీద ఒకేలా తేటగా కనిపించే ఫలదీకరణ జరగని గుడ్డునూ, ఒకటి రెండు రోజుల్లోనే ఆగిపోయిన గుడ్డునూ వేరుచేసి చూపే దీపం ఏదీ లేదు, ఇదీ చూపించదు. పళ్ళెంలో పగలగొట్టి చూడటం తప్ప అందుకు వేరే దారి లేదు.

రెండో విడతలో మరొక సంగతి గమనించాను. ఐదో రోజు అన్ని గుడ్లలోనూ అల్లిక ఉంది, కానీ అన్నిటిలోనూ చిన్నదిగా ఉంది, కన్ను ఒక్కదానిలోనూ స్పష్టంగా లేదు. ఒకటి రెండు గుడ్లు వెనుకబడితే ఆ గుడ్ల లోపం, అన్నీ కలిసి వెనుకబడితే వేడి చాలలేదని అర్థం. వేరే ఉష్ణమాపకం తెచ్చి పెట్టగా ఇంక్యుబేటర్ తెర మీద చూపిస్తున్న దానికంటే అర డిగ్రీకి పైగా తక్కువ ఉన్నట్టు తేలింది. వెంటనే సరిచేశాను. పిల్లలు ఒక రోజు ఆలస్యంగా వచ్చినా వచ్చాయి. ఐదో రోజు అల్లికను ఇంత వివరంగా చూపించే దీపం లేకపోతే ఆ సంగతి 21వ రోజు దాటాకనే తెలిసేది.

పొదగేసే ముందు కూడా ఈ దీపం పనికివస్తుంది, కాకపోతే కాగితంలో చెప్పిన పనికి కాదు. కంటికి కనిపించని వెంట్రుక పగుళ్ళు దీని మీద వెండి గీతల్లా మెరుస్తాయి. అలాంటి గుడ్డు లోపలి నీరు త్వరగా కోల్పోతుంది, సూక్ష్మజీవులకు దారి ఇస్తుంది కనుక దాన్ని ముందే పక్కన పెట్టవచ్చు. గాలి గది తన చోట కుదురుగా ఉండకుండా గుడ్డు వంచినప్పుడల్లా పక్కకు జారుతుంటే ఆ గుడ్డు ప్రయాణంలో దెబ్బతిన్నదని తెలుస్తుంది. అలాంటి వాటిని మొద్దు కొన పైకి పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచాక పొదగేయడం మంచిది. జంట సొనలున్న గుడ్లు కూడా ఇక్కడే తేలిపోతాయి. తరువాతి రోజుల్లో గాలి గది అంచును పెంకు మీద పెన్సిలుతో గీసుకుంటూ పోతే, గుడ్డు తేమను ఎంత వేగంగా కోల్పోతోందో కనిపిస్తుంది. కోడిగుడ్డు 18వ రోజుకు మొదటి బరువులో సుమారు 12 శాతం కోల్పోవాలి. ఆ రోజు గుడ్డులో గాలి గది తప్ప అంతా నల్లగా నిండి ఉంటుంది. దాని తరువాత గుడ్లు తిప్పడం ఆపాలి, దీపాన్ని కూడా దాచేయాలి.

ఇక చిన్న చిన్న లోపాలు. రబ్బరు గిన్నె లోపలి మడత సన్నగా ఉండటం వల్ల అక్కడ మురికి చేరుతుంది. ఒక కుళ్ళిన గుడ్డు పెంకు మీది చెమటబొట్లు దానికి అంటితే మిగిలిన గుడ్లన్నిటికీ ఆ గిన్నే సూక్ష్మజీవులను మోసుకుపోతుంది. గిన్నె ఊడి వస్తుంది కాబట్టి సబ్బునీటితో కడిగి ఆరబెట్టి మళ్ళీ తొడుగుతున్నాను. పుల్లని దుర్వాసన వచ్చినా, పెంకు మీద బొట్లు కనిపించినా ఆ గుడ్డు మీద దీపం పెట్టనే పెట్టను, అది చేతిలోనే పేలవచ్చు. తీగ పొడవు మీటరు మాత్రమే ఉంది, ఇంక్యుబేటర్ గోడకు దూరంగా ఉన్నవారికి అది చాలదు. లోపలే బ్యాటరీ ఉన్న రకం దొరికితే దాన్నే ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే ఒక చేత్తో గుడ్డు, ఒక చేత్తో దీపం పట్టుకున్నప్పుడు కాలికి తగిలే తీగ ప్రమాదమే. గుడ్డును పెట్టి రెండు చేతులూ ఖాళీ చేసుకునే చిన్న ఆధారం కూడా ఇచ్చి ఉంటే, పెన్సిలుతో గుర్తు పెట్టడానికి మరొకరి సాయం అడగవలసిన అవసరం ఉండేది కాదు.

ఇన్ని లోపాలు చెప్పినా ఈ దీపాన్ని తిరిగి ఇచ్చివేయాలన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. తెల్లనివో లేత గోధుమవో గుడ్లు పొదిగించేవారు, ఏడాదికి మూడు నాలుగు విడతలైనా పెట్టేవారు దీన్ని సంకోచించకుండా తీసుకోవచ్చు. ముదురు గోధుమ, నీలం, ఆకుపచ్చ గుడ్లే ప్రధానంగా పెట్టేవారికి ఇంతకంటే బలమైన, పసుపు వెలుతురు దీపం కావాలి. ఎప్పుడో ఒకసారి ఆరు గుడ్లు పెట్టి చూసేవారికి సెల్‌ఫోన్ టార్చి, దాని అంచుకు అంటించిన మెత్తని స్పాంజి ముక్క చాలు. కాగితాన్ని మాత్రం పెట్టె తెరిచిన వెంటనే తీసి పక్కన పెట్టండి.

నేను ఇప్పుడు పాటిస్తున్న క్రమం ఇది. ఐదు రోజులు నిండిన సాయంత్రం మొదటి చూపు. కనిపించిన వాటికి చిన్న గీత, కనిపించని వాటికి ప్రశ్న గుర్తు పెన్సిలుతో పెట్టి, అన్నిటినీ తిరిగి లోపలే ఉంచుతాను. ఏడు రోజులు నిండాక ప్రశ్న గుర్తులున్నవాటినే మళ్ళీ చూస్తాను. అప్పటికీ తేటగా ఉన్న లేత పెంకు గుడ్లను తీసి పళ్ళెంలో పగలగొడతాను, ముదురు పెంకువైతే పదో రోజు వరకు ఆగుతాను. నాలుగో విడతలో ఐదో రోజు ఆరు గుడ్ల మీద ప్రశ్న గుర్తులు పడ్డాయి. ఏడో రోజు వాటిలో రెండింటి గుర్తును రబ్బరుతో చెరిపి గీతలుగా మార్చాను. ఆ రెండింటిలో ఒకదాని నుంచి వచ్చిన పిల్ల ఇప్పుడు మిగిలినవాటితో కలిసి నేల గీరుతూ తిరుగుతోంది.